గుర్తు పెట్టని చొక్కా

సోమవారం తొమ్మిది గంటల పది నిమిషాలకి భానోజీ ఆఫీసు చేరేసరికి, అతని కుర్చీలో అతని చొక్కా కూర్చుని ఉంది.

తెల్ల చొక్కా, సన్నటి నీలం చారలు. నిన్న సాయంత్రం ఊరి నుంచి బస్సులో వచ్చిన ఆరింటిలో పైది. కాలరు నిటారుగా ఉంది. చేతుల మడతలు చెక్కుచెదరలేదు. లోపల మనిషి లేడు. కుడి చెయ్యి పెన్సిలు పట్టుకుని పన్నెండంతస్తుల భవనానికి నీటి గొట్టాల నక్షా గీస్తోంది. ఆ గీత భానోజీ గీసే గీత కన్నా తిన్నగా ఉంది.

భానోజీ బనీను మీద ఉన్నాడు. అతనికి ఆశ్చర్యం కలగదు. తను ఎందుకు ఆలస్యంగా వచ్చాడో తనకి తెలుసు, చొక్కాకీ తెలుసు. కలిగేది సిగ్గు. పదకొండేళ్ళుగా పనిచేస్తున్న గదిలో, ఎండాకాలంలో కూడా మెడ గుండీ తియ్యని మనిషి, కుడి చంక కింద చిల్లున్న బనీనుతో నిలబడి ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంక కింద చిల్లు మూసుకుంటాడు.

పొద్దున్న జరిగింది ఇది.

ఏడాదిగా భానోజీ రోజూ ఆరు నుంచి ఎనిమిది వరకు కార్పొరేషను వాళ్ళ ఈతకొలనులో పెద్దవయసు వాళ్ళకి ఈత నేర్పుతున్నాడు. ఈ సంగతి విశాఖపట్నంలో ఆఫీసువాళ్ళకి తెలియదు. ఊళ్ళో ఉన్న తండ్రికి అంతకన్నా తెలియదు. చొక్కాని కొలను పక్క గదిలో కొక్కేనికి తగిలించి నీళ్ళలో దిగుతాడు. ఎనిమిదింటికి ఒళ్ళు తుడుచుకుని, చొక్కా తొడుక్కుని, జుట్టు ఆరేదాకా వీధుల్లో తిరిగి అప్పుడు ఆఫీసుకి వెళ్తాడు.

ఈ రోజు వరహాలమ్మ గారు గోడ వదిలారు. ఆవిడకి అరవై రెండేళ్ళు, పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. నాలుగు నెలలుగా ఒక చేత్తో గోడ పట్టుకుని, పొట్ట కింద భానోజీ చెయ్యి ఉంటేనే కాళ్ళు లేపేవారు. చెయ్యి తియ్యకండి మాస్టారూ అని రోజుకి నలభైసార్లు అనేవారు. ఈ రోజు అతను తీసేశాడు, చెప్పలేదు. ఆవిడ ఆరు బారలు వెళ్ళి, వెనక్కి తిరిగి చూసి, అతను ఎక్కడ ఉండిపోయాడో తెలుసుకుని, పళ్ళసెట్టు జారిపోయేలా నవ్వారు.

ఆ నవ్వు చూసిన క్షణంలో తను ఇంక నక్షాలు గియ్యలేడని భానోజీకి తేలిపోయింది. పైకి ఏమీ అనలేదు. అయినా కొక్కేనికి ఉన్న చొక్కా వినేసింది. ఎనిమిదిన్నరకి అతను వచ్చేసరికి కొక్కెం ఖాళీగా ఉంది.

మేనేజరు శ్యామలాంబ గారు గాజు గదిలోంచి బయటికొచ్చి, కుర్చీనీ అతన్నీ మార్చి మార్చి చూస్తారు. ఒక కుర్చీకి ఇద్దర్ని పెట్టుకునే పద్ధతి లేదని, ముందొచ్చిన వాళ్ళదే కుర్చీ అని నెమ్మదిగా చెప్తారు.

"అది నా చొక్కా మేడం," అంటాడు భానోజీ.

"కాదన్నానా? ఇంటర్వ్యూలో మేం చూసింది దాన్నే కదా. మడత బావుందని తీసుకున్నాం."

భానోజీ కార్డు కోసం ఛాతీ తడుముకుంటాడు. అతని పేరున్న కార్డు కూడా చొక్కా జేబుకే ఉంది.

శ్యామలాంబ గారు వంగి చొక్కా కాలరు తిప్పి చూస్తారు. లోపల ఏమీ లేదు. ఆవిడ ముఖం చిట్లిస్తారు. దీనికి గుర్తు లేదేమని అడుగుతూ తన పమిట కొన మడిచి చూపిస్తారు. అక్కడ రెండు గీతలు, ఒక చుక్క. గదిలో అందరూ పని ఆపి తమ కాలర్లు తిప్పుతారు. మూడు చుక్కలు. ఒక కొడవలి. నిచ్చెన. సున్నాలో ఇంటూ.

భానోజీ కళ్ళు దించుకుంటాడు. పదకొండేళ్ళుగా అతను ఆ గుర్తులన్నీ చదువుతూనే ఉన్నాడు, చదవడం వచ్చని తెలియనివ్వలేదు. చాకలివాళ్ళు నల్లజీడి గింజని సూదితో పొడిచి, ఆ నల్లటి రసంతో ఒక్కో ఇంటి బట్టకి ఒక్కో గుర్తు పెడతారు. ఎన్నిసార్లు ఉతికినా అది పోదు. అతని తండ్రి తవిటయ్య నూట ఇరవై ఇళ్ళ గుర్తులు నోటికి చెప్పగలడు. తమ ఇంటి బట్టకి మాత్రం గుర్తు ఉండదు. రేవులో ఆరేసిన వందల బట్టల్లో ఏ గుర్తూ లేనిది తమది. అదే తమ గుర్తు.

"మీ నాన్నగారిది బట్టల వ్యాపారం అన్నారుగా," అంటారు శ్యామలాంబ గారు. "ఆయన చేత పెట్టించుకురండి."

చేరిన కొత్తలో అతను అన్న మాట అది. చొక్కా పెన్సిలు ఆపుతుంది. ఆ రోజు కూడా అతని ఒంటి మీద చారల చొక్కానే ఉంది.

ఆవిడ షరతు తేలిగ్గా అర్థమయ్యేలా చెప్తారు. సాయంత్రంలోగా గుర్తు పడితే చొక్కా ఆఫీసుది, భానోజీ ఎక్కడికైనా వెళ్ళొచ్చు. గుర్తు పడకపోతే చొక్కా అతని ఇంటిది. రేపటి నుంచి మళ్ళీ దాన్లో దూరి, రిటైరయ్యే దాకా రావాలి. ఏదైనా నాన్నగారి చేతి మీదుగానే జరగాలి, ఆయన చేసిన మడత కాబట్టి.

చొక్కా లేచి, కుర్చీ బల్ల కిందికి తోసి, భానోజీ కన్నా ముందు నడుస్తుంది.

పాలకొండ బస్సు నిండుగా ఉంది. చొక్కాని చూడగానే కిటికీ పక్కాయన లేచి చోటిస్తాడు. కండక్టరు టిక్కెట్టు చింపి చొక్కా జేబులో పెడతాడు. భానోజీ కడ్డీ పట్టుకుని నిలబడతాడు. అతని కాళ్ళ దగ్గర చిన్న నీటి మడుగు తయారవుతోంది. పొద్దున్న రెండుసార్లు తుడుచుకున్నాడు గాని, ఆరడం లేదు.

ఎండుచేపల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలామె చొక్కా పక్కన కూర్చుంది. చాలాసేపు మర్యాదగా ఒదిగి కూర్చుని, చివరికి భానోజీ వైపు తిరుగుతుంది.

"ఆఫీసరు గోరు ఏటీ మాటాడరేటి?"

"ఆయన మాట్లాడరు."

"నువ్వు ఈరి కాడ పనికున్నావా?"

అవునంటాడు భానోజీ. ఆ మాట చాలా సులువుగా వస్తుంది.

"ఏటి పని?"

"మోస్తాను."

"ఎన్నేల్లయినాది?"

"పదకొండు."

ముసలామె చొక్కాని ఎగాదిగా చూస్తుంది. "పదకొండేల్లు మోయించుకుని, కూకోమని ఓ మాట అననేదు సూడు," అని గొంతు తగ్గించి అంటుంది. చొక్కా కిటికీ వైపు తిరుగుతుంది. సూర్యుడు చొక్కా లోంచి దూరి భానోజీ ముఖం మీద చారలు చారలుగా పడతాడు.

ఊరు మూడింటికి వస్తుంది. బస్టాండు దగ్గర రేకు పందిరి కింద తవిటయ్య ఇస్త్రీ బల్ల ఉండాలి. ఉంది. అయితే బల్ల బస్సు దిగే మెట్టు దగ్గరే మొదలవుతుంది. మెడికల్ షాపు, మిఠాయి కొట్టు, హైస్కూలు గోడ దాటుకుని వీధి పొడుగునా సాగి, కంటికి ఆనని చోట నాగావళి రేవులోకి దిగుతుంది. దాని మీద నలిగిన దుప్పటి పరిచి ఉంది. దుప్పటి మీద భానోజీ చొక్కాలు, పదకొండేళ్ళవి, ఒకదాని పక్కన ఒకటి మడతపెట్టి ఉన్నాయి. ప్రతి ఆదివారం ఆరు చొప్పున డ్రైవరు చేతికిచ్చి పంపినవి. విశాఖపట్నంలో ఇస్త్రీ చేసేవాళ్ళు లేరా అని భానోజీ ఒకసారి అన్నాడు. ఉన్నారు గాని వాళ్ళు నా కొడుక్కి చేస్తున్నామనుకుని చెయ్యరు కదా అన్నాడు తండ్రి. మళ్ళీ ఆ మాట రాలేదు.

చొక్కా బల్ల మీద నడుస్తుంది. దానికి బరువు లేదు, మడత చెదరదు. భానోజీ బల్ల పక్కన రోడ్డు మీద నడుస్తాడు. అతనికి తెలిసిన వాళ్ళు అరుగుల మీంచి చొక్కాకి నమస్కారం పెడతారు. తవిటయ్య కొడుకు వచ్చాడని లోపలికి కేకేస్తారు. బనీను మనిషిని ఎవరూ పలకరించరు. అది మేలని భానోజీ అనుకుంటాడు, అలా అనుకున్నందుకు చెవులు వేడెక్కుతాయి.

రేవు గట్టున, బల్ల చివర తవిటయ్య ఇస్త్రీ చేస్తున్నాడు. పెట్టెలో బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆయన కాళ్ళ వేళ్ళ సందులు నలభై ఏళ్ళు నీళ్ళలో నాని తెల్లగా ఒరుసుకుపోయాయి. ఎండాకాలంలో కూడా మానవు. కొడుక్కి బీటెక్ సీటొచ్చిన రోజు ఆయన ఇదే రేవులో, ఉతికేవాళ్ళందరూ వినేలా ఒక మాట అన్నాడు. వీడి కాలు ఇక నీళ్ళలో పడదు, ఇక్కడితో సరి. ఆ తర్వాత సెలవులకి వచ్చినప్పుడు భానోజీని గట్టు దిగనివ్వలేదు. వానాకాలంలో వీధిలో నీళ్ళు నిలిస్తే, పాతికేళ్ళ కొడుకుని వీపు మీద ఎక్కించుకుని బస్సు దాకా మోశాడు. ఊరంతా చూసింది. తండ్రి గర్వంగా మోశాడు. కొడుకు కళ్ళు మూసుకున్నాడు.

తవిటయ్య ముందు చొక్కాని చూస్తాడు. పెట్టె పక్కన పెట్టి, చేతులు తువ్వాలుకి తుడుచుకుని, దాని భుజాలు సవరిస్తాడు. బస్సులో నలగలేదు కదా, తిన్నావా, ఆఫీసులో పెద్దవాళ్ళు బావున్నారా అని దాన్నే అడుగుతాడు. అప్పుడు ఆయన కళ్ళు రోడ్డు మీదికి పోతాయి. బస్టాండు నుంచి రేవు దాకా ఒక జత తడి అడుగులు వరసగా ఉన్నాయి. మండుటెండలో ఒక్కటీ ఆరలేదు. చివరి రెండింటిలో భానోజీ నిలబడి ఉన్నాడు.

తవిటయ్య ముఖం ఎత్తడు.

"నీ కాల్లు నానున్నాయి."

భానోజీ కాళ్ళు దాచుకోవడానికి చోటు చూస్తాడు. గట్టు మీద చోటు లేదు.

"ఎన్నాల్లబట్టి?"

"ఏడాది, అయ్యా."

తవిటయ్య బల్ల మీద చివరి మడతలను వేలితో తడుముతూ పోతాడు. యాభై రెండు ఆదివారాల దగ్గర వేలు ఆగుతుంది.

"అయితే ఏడాదిబట్టి నాను ఇస్తిరీ సేస్తన్నాది ఎవులికి?"

భానోజీ చొక్కా వైపు చూస్తాడు. చొక్కా ఎటూ చూడదు. అతను అంతా చెప్తాడు. ఆఫీసు మానేస్తున్నాననీ, మేనేజరు గారి గుర్తు, రెండు గీతలూ ఒక చుక్కా, చొక్కాకి పడితే నన్ను వదిలేస్తారనీ, ఈత నేర్పే పనిలో పూర్తిగా ఉండిపోతాననీ, రోజుకి ఎనిమిది గంటలు నడుము లోతు నీళ్ళలో నిలబడే పని అనీ చెప్తాడు. చెప్పేటప్పుడు చదువుకున్న మాటలు ఒక్కటీ నోటికి రావు. ఇంటి మాటలే వస్తాయి. దిగువన బట్టలు ఉతుకుతున్నవాళ్ళు చేతులెత్తి అలాగే ఆగిపోతారు. వాళ్ళు ఎత్తిన బట్టల్లోంచి నీళ్ళు కూడా కారకుండా ఆగుతాయి.

"ఎవులికి నేర్పతావు?" అంటాడు తవిటయ్య.

"పెద్దోలకి. బయ్యం ఉన్నోలకి."

"సెయ్యెక్కడెడతావు?"

"పొట్ట కింద."

"సెప్పి తీస్తావా, సెప్పకుండానా?"

"సెప్పకుండానే, అయ్యా."

తవిటయ్య పెట్టె మూత తెరిచి బొగ్గులు కదుపుతాడు. భానోజీకి ఆరేళ్ళప్పుడు, ఇదే రేవులో, తడిపిన పంచెలో గాలి బంధించి బుడగలా కట్టి దాని మీద బోర్లా పడుకోబెట్టింది ఈయనే. పొట్ట కింద చెయ్యి పెట్టి, తీసేసి, చెప్పలేదు. నీటికి దూరంగా పెంచాననుకున్న కొడుక్కి నీళ్ళని ముందుగా ఇచ్చింది తనేనని ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"నాకు ఈత రాదు, తెలుసునా," అంటాడు తవిటయ్య. "మొలలోతు దాటి ఎప్పుడూ దిగనేదు. పని అక్కడితో సరిపోయీది."

భానోజీకి తెలియదు. నలభై ఏళ్ళు నీళ్ళలో నిలబడిన మనిషి గురించి ఎవరూ అలా అడగరు. అతను కూడా అడగలేదు.

బల్ల కింద నుంచి తవిటయ్య రేకు డబ్బా తీస్తాడు. అందులో నల్లజీడి గింజలూ సూదీ ఉన్నాయి. చొక్కా వచ్చి ఆయన ముందు వంగి, కాలరు తిప్పి నిలబడుతుంది. ఈ పని తొందరగా కానివ్వమన్నట్టు ఉంది దాని తీరు. తవిటయ్య గింజని పొడుస్తాడు. సూది మొన మీద రసం గోధుమరంగులో నిలుస్తుంది, గాలి తగిలి నల్లబడుతుంది.

"గుర్తెడితే ఇది పరాయోల బట్ట. ఉతికీసి అప్పజెప్పీడమే. మనింటికి రాదు," అంటాడు. "నువ్వే సెప్పు. ఎట్టీమంటావా?"

భానోజీ నోరు తెరుస్తాడు. ఈ చొక్కాని చూపించి ఆయన పదకొండేళ్ళు ఊళ్ళో తలెత్తుకుని తిరిగాడు. ఇది పోతే ఆయన దగ్గర మిగిలేది బనీను వేసుకున్న ఒక తడి మనిషి. వద్దు అన్న మాట నాలుక దాకా వస్తుంది. ఆ మాట అంటే రేపు వరహాలమ్మ గారు గోడ దగ్గర నిలబడి అటూ ఇటూ చూస్తారు.

"ఎట్టీ, అయ్యా," అంటాడు, తన కాళ్ళకేసి చూస్తూ.

తవిటయ్య చెయ్యి కాలరు మీద సూది ఆనిస్తుంది. అది పని తెలిసిన చెయ్యి. రెండు గీతలు, ఒక చుక్క.

చొక్కా నిటారుగా లేస్తుంది. కార్డు సరిచేసుకుంటుంది. అప్పుడు తవిటయ్య ఒక అడుగు వెనక్కి వేసి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడిస్తాడు. ఏ ఇంటి వాకిట్లో బట్టలు అప్పజెప్పినా ఆయన అలాగే నిలబడతాడు.

"దండాలు బావూ."

చొక్కా బల్ల మీంచి బస్టాండు వైపు నడిచిపోతుంది. భానోజీ ఆ జోడించిన చేతుల్ని విడదీయాలనుకుంటాడు. విడదీయడానికి తనకి ఏ హక్కు ఉందో తోచక ఊరుకుంటాడు. చొక్కా నాలుగింటి బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, వెళ్ళిపోతుంది. దాని వెనకే బల్ల మీది చొక్కాలన్నీ కాలర్లు సర్దుకుని వరసగా వెళ్తాయి. దుప్పటి ఖాళీ అవుతుంది. బల్ల పొట్టిదై మామూలు బల్ల అవుతుంది.

తండ్రీ కొడుకులిద్దరూ గట్టు మీద కూర్చుంటారు. కింద రేవులో ఉతుకుడు మళ్ళీ మొదలవుతుంది. ఎవరో ఏదో అంటారు, ఎవరో నవ్వుతారు. తవిటయ్య చెవులు రిక్కించడు.

"రేపు ఏటి తొడుక్కుని పనికెల్తావు?" అని అడుగుతాడు కాసేపటికి.

"ఏటీ నేదు అయ్యా. నీల్లే."

తవిటయ్య నది వైపు చూస్తాడు. గాలికి నీళ్ళన్నీ ముడతలు ముడతలుగా ఉన్నాయి. ఆయనకి అది నచ్చదు. తన కొడుకు నలిగినదానితో పనికి ఎన్నడూ వెళ్ళలేదని గొణుక్కుంటాడు. లేచి, పెట్టెలో కొత్త బొగ్గులు వేసి విసిరి, నిప్పు రాజుకున్నాక పిడి పట్టుకుని నీళ్ళలో దిగుతాడు.

ఆయన ఒడ్డు నుంచి మొదలుపెడతాడు. పెట్టె ఆనిన చోటల్లా నీళ్ళు బుస్సుమని చదునవుతాయి. ముడతలు పోయి, గంజి పెట్టినట్టు బిగుస్తాయి. మోకాలు లోతు. మొలలోతు. అక్కడ ఒక్కక్షణం ఆగుతాడు. ముందు ఇంకా చాలా నది ఉంది. భానోజీ వెనకాలే దిగి, ఏమీ అనకుండా తండ్రి పొట్ట కింద చెయ్యి పెడతాడు. తవిటయ్య కాళ్ళు నేల వదులుతాయి. బరువు లేదు. పదకొండేళ్ళు మోసిన చొక్కాయే ఇంతకన్నా బరువు.

నడి నదిలో ఒక సుడి ఎంత రుద్దినా చదును కాదు. తవిటయ్య పుక్కిట నీళ్ళు పట్టి దాని మీద తుంపర్లుగా చిమ్మి, మళ్ళీ పెట్టె నడుపుతాడు. సుడి లొంగుతుంది. ఆయన పనిలో మునిగిపోయి ఉన్నాడు. భానోజీ చెయ్యి తీసేస్తాడు, చెప్పడు.

తవిటయ్య ముందుకి వెళ్తూనే ఉంటాడు. అవతలి ఒడ్డు చేరాక వెనక్కి తిరిగి, కొడుకు ఎక్కడ ఉండిపోయాడో చూస్తాడు. ముఖంలో ఏముందో అంత దూరం నుంచి కనబడదు. పెట్టె రాతి మీద పెట్టి, నది రెండు అంచులూ పట్టుకుని దులిపి, పొడవునా మడుస్తాడు. చేతులు లోపలికి మడిచినట్టు నదిలో కలిసే వాగులు రెండింటినీ లోపలికి మడుస్తాడు. మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి. పొడి ఇసుక మీద నడిచి వచ్చి, మడతపెట్టిన నదిని రెండు చేతుల మీద పెట్టి కొడుకుకి అందిస్తాడు. ఇసుకలో ఆయన కాళ్ళు ఆరిపోయి తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపు నీళ్ళలో నానిన తెలుపు కాదు, ఇసుకదే.

"నలక్కుండా అట్టుకెల్లు," అంటాడు.

భానోజీ నదిని అందుకుంటాడు. అది ఇంకా వెచ్చగా ఉంది. తండ్రి చూస్తుండగా, అలవాటు కొద్దీ, భయం కొద్దీ, పై మడత కొన తిప్పి లోపల గుర్తు కోసం చూస్తాడు. నాలుగు కొనలూ తిప్పి చూస్తాడు.

ఏ కొనకీ ఏ గుర్తూ లేదు. మూడో మడత లోపల ఒక చేప ఒత్తిగిలి పడుకుంటుంది.